వారానికి ఒక మాత్ర... వారానికి ఒక రోజు

‘నొప్పులు ఎవరికి లేవమ్మా!’ నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెల్లో కీళ్ల జబ్బు మొదలైన మనిషికి మొట్టమొదట దొరికే వైద్యం ఈ మాటే. ఇంట్లోవాళ్లు అంటారు, ఇరుగుపొరుగు అంటారు, ఒక్కోసారి మందు రాసేవాళ్లూ అంటారు. కేసీ కాలువ కింద వరినాట్లకు వంగిన నడుములు, పత్తి తీసిన వేళ్లు, బేతంచెర్ల నాపరాళ్లు మోసిన భుజాలు, ఆళ్లగడ్డ శిల్పశాలల్లో ఉలి పట్టిన మణికట్లు ఉన్న సీమ ఇది. ఇక్కడ నొప్పి కొత్త కాదు. అందుకే పనితో వచ్చిన నొప్పి ఏదో, జబ్బుతో వచ్చిన నొప్పి ఏదో విడదీసి చూసే అలవాటు కుదరలేదు. ఆ తేడా ఎంత త్వరగా తేలుతుందన్న దాని మీదే ఆ మనిషి చేతులు పనికి మిగులుతాయా లేదా అన్నది ఆధారపడి ఉంటుంది.

ఆర్థరైటిస్ అంటే ఒక జబ్బు కాదు, వందకు పైగా జబ్బులున్న కుటుంబం. మన ఊళ్లలో తరచూ కనిపించేవి నాలుగు. మొదటిది ‘గుజ్జు అరిగిపోయింది’ అని అందరూ చెప్పుకొనే ఆస్టియో ఆర్థరైటిస్. వయసు, ఒంటి బరువు, ఏళ్ల తరబడి మోకాళ్ల మీద పడిన భారం దీనికి కారణాలు. నడిచేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. రెండోది కీళ్లవాతమనీ ఆమవాతమనీ పిలుచుకొనే రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత కీళ్ల పొరల మీదే తిరగబడటం వల్ల వచ్చే జబ్బు ఇది. ముప్ఫై నలభై ఏళ్లకే రావచ్చు. రెండు చేతుల వేళ్ల కణుపులూ మణికట్లూ ఒకేలా వాస్తాయి. పొద్దున లేచాక అరగంట, గంట దాటినా పిడికిలి మూయడం రాదు. పనిలో పడ్డాక కాస్త వదులవుతుంది. మూడోది రక్తంలో యూరిక్ ఆమ్లం పెరిగి, కాలి బొటనవేలి మొదట్లో రాత్రికి రాత్రి నిప్పు పెట్టినట్టు లేచే గౌట్. నాలుగోది చికున్‌గున్యా మిగిల్చి వెళ్లే నొప్పి. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడిన ఆ జ్వరానికి 2006లో దేశవ్యాప్తంగా నమోదైన అనుమానిత కేసులు దాదాపు 14 లక్షలు. ‘మనిషిని వంచేసేది’ అన్న అర్థంలో టాంజానియా ప్రాంతపు మకొండే భాష నుంచి వచ్చిన ఆ పేరుకు అర్థమేమిటో రాయలసీమకు వేరే చెప్పనక్కర్లేదు. జ్వరం వారంలో పోయినా, నెలల తరబడి గోడ పట్టుకుని నడిచిన ఊళ్లు ఇవి.

ఈ నాలుగింటికీ వైద్యం ఒకటి కాదు. అరుగుదలకు మొదటి మందు వ్యాయామం, బరువు తగ్గడం. కీళ్లవాతానికి రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులు కావాలి. గౌట్‌కు యూరిక్ ఆమ్లాన్ని తగ్గించే మందులు కావాలి. వీటన్నిటికీ కలిపి ఒకే నొప్పిమాత్ర, ఒకే సూది ఇవ్వడం మన దగ్గర రోజూ జరుగుతున్న పని.

లెక్కల్లో లేని వేలమంది

దేశంలో ఆస్టియో ఆర్థరైటిస్ బాధితులు 1990లో దాదాపు 2.3 కోట్లు. 2019 నాటికి ఆ సంఖ్య 6.2 కోట్లు దాటింది. 60 ఏళ్లు పైబడినవారిలో దాదాపు ప్రతి అయిదుగురిలో ఒకరికి ఎముకల, కీళ్ల జబ్బు ఉన్నట్టు 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన వృద్ధుల అధ్యయనం ‘లాసి’ చెప్పింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంతకంటే అరుదు. 1990ల తొలినాళ్లలో ఢిల్లీ దగ్గరి బల్లభ్‌గఢ్ పల్లెల్లో జరిపిన సర్వేలో వయోజనుల్లో 0.75 శాతం మందికి ఇది ఉందని తేలింది. 1996లో పుణె దగ్గరి భిగ్వాన్ గ్రామంలో డాక్టర్ అరవింద్ చోప్రా బృందం మొదలుపెట్టిన సర్వేలో ఆ నిష్పత్తి 0.5 శాతం.

అర శాతం అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లా పరిధిలో 2011 జనగణన ప్రకారం జనాభా 17.8 లక్షలు. అందులో వయోజనులు 12 లక్షలే అనుకుని ఆ రెండు సర్వేల నిష్పత్తులతో గుణిస్తే, ఆరు నుంచి తొమ్మిది వేల మందికి కీళ్లవాతం ఉండాలి. ఇది కేవలం చేతి లెక్క. తలలు లెక్కపెట్టి తేల్చిన సంఖ్య కాదు. లెక్కపెట్టే ఏర్పాటు లేకపోవడమే అసలు లోటు. 30 ఏళ్లు దాటిన వారందరికీ ఇంటింటా జరిగే అసాంక్రమిక వ్యాధుల పరీక్షల్లో రక్తపోటు, మధుమేహం, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి. కీళ్ల జబ్బు లేదు. ఏఎన్ఎం చేతికి పట్టీ కట్టి బీపీ చూసే సమయంలో, ఆ చెయ్యి పిడికిలి మూసుకుంటుందో లేదో అడగాల్సిన పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

జాబితా లేని రోగులకు ఏమవుతుందో 2020 చూపింది. కొవిడ్‌కు పనికొస్తుందన్న ఆశతో హైడ్రాక్సీక్లోరోక్విన్ కోసం దేశమంతా ఎగబడింది. కేంద్రం ఆ ఏడాది మార్చిలో ఎగుమతుల మీద, అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. అదే మాత్రను ఏళ్లుగా రోజూ వాడుతున్న కీళ్లవాతం, లూపస్ రోగులు మందుల దుకాణాల చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఫలానా మండలంలో ఫలానా ఇంటికి ఈ మందు అందాలని చెప్పే కాగితం ఒకటి ఉండి ఉంటే, అది ఇల్లు చేర్చడం పెద్ద పని అయ్యేది కాదు.

ఆర్నెల్ల దారి

ఒక మనిషిని ఊహించుకుందాం. ఆళ్లగడ్డ మండలంలో ఓ పల్లె. ముప్ఫై ఏళ్ల వ్యవసాయ కూలీ. రెండో కాన్పు అయి నాలుగు నెలలు. పొద్దున లేచి బిడ్డను ఎత్తుకోబోతే వేళ్లు సహకరించవు. చెంబు పట్టు జారుతుంది. జడ వేసుకోవడానికి చెయ్యి పైకి లేవదు. ‘బాలింతప్పుడు చన్నీళ్లలో చెయ్యి పెట్టినావు, వాతం కమ్మింది’ అంటారు పెద్దవాళ్లు. కాన్పు తర్వాతి నెలల్లో కీళ్లవాతం మొదలయ్యే అవకాశం ఎక్కువని వైద్యశాస్త్రమూ చెబుతుంది. పెద్దలు చూసిన కాలం సరైనదే, చెప్పిన కారణమే తప్పు. చన్నీళ్ల మీద నేరం మోపి, నూనె మర్దనాతో రెండు నెలలు గడుస్తాయి.

తర్వాత ఊళ్లోని ఆర్ఎంపీ. సూది వేస్తాడు, రంగురంగుల మాత్రలు పొట్లం కట్టిస్తాడు. రెండు రోజుల్లో వాపు దిగిపోతుంది. చెయ్యి మళ్లీ చెయ్యిలా పనిచేస్తుంది. చాలాసార్లు ఆ పొట్లంలో ఉండేది స్టెరాయిడ్. మంటను ఆర్పుతుంది గానీ, కట్టెలు లోపల కాలుతూనే ఉంటాయి. మానగానే నొప్పి రెట్టింపై తిరిగొస్తుంది. అందుకని మానలేరు. నెలలు గడిచేకొద్దీ ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. ‘ఒళ్లు చేసింది, కోలుకుంది’ అని చుట్టాలు సంతోషిస్తారు. లోపల చక్కెర పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి, ఒక్కోసారి తుంటి ఎముకకు రక్తప్రసారం ఆగి అది చితికిపోతుంది. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి మింగితే దెబ్బ మూత్రపిండాల మీద పడుతుంది. ఆర్ఎంపీని దోషిగా నిలబెడితే ఈ కథ తేలదు. రాత్రి పదింటికి తలుపు తడితే పలికేది ఆయనొక్కడే. ఆయన ఖాళీ చోటులో నిలబడ్డాడు. ఆ చోటు ఖాళీగా ఎందుకుందన్నదే ప్రశ్న.

మూడో మజిలీ ఆళ్లగడ్డ. నాలుగోది అక్కడికి దాదాపు 40 కిలోమీటర్ల దూరంలోని నంద్యాల. కీళ్లు కనుక ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్తారు. ఎక్స్‌రే తీస్తారు. కీళ్లవాతం మొదటి నెలల్లో ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పటికి దెబ్బతినేది ఎముక కాదు, కీలు లోపలి పొర. ‘ఫిల్ము బాగుంది’ అన్న మాట వినడానికి ఊరటగా ఉంటుంది. కాల్షియం మాత్రలతో ఇంటికి తిరిగొస్తారు. జబ్బు పేరు తేల్చగలిగే రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ, ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షలు ఎవరైనా రాసేసరికి మరికొన్ని నెలలు. అటుపైన కర్నూలు, మరో 75 కిలోమీటర్లు. అక్కడా కుదరకపోతే రుమటాలజిస్టును వెతుక్కుంటూ హైదరాబాద్. ఆళ్లగడ్డ నుంచి 300 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. ఎందరో సీమవాసులు వెల్లూరు రైలెక్కేదీ ఇందుకే.

2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి పథకంతో రాష్ట్రం లోపల తిరిగే పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఖర్చు తప్పింది. ఈ రోగుల్లో ఎక్కువమంది ఆడవాళ్లే కనుక అది నిజంగా పెద్ద మేలు. కానీ పోయిన కూలి ఎవరిస్తారు? వెంట వచ్చిన భర్త కూలి? ఇంట్లో వదిలి వచ్చిన చంటిబిడ్డ? వాచిన మోకాళ్లతో ఎక్స్‌ప్రెస్ బస్సు మెట్టెక్కడం, ఆ సీట్లో మూడు గంటలు కాళ్లు మడుచుకు కూర్చోవడం టికెట్ లేకపోయినా కష్టమే. ఈ జబ్బుకు ఒక్కసారి వెళ్లొస్తే సరిపోదు. మందు మొదలుపెట్టాక ప్రతి రెండు మూడు నెలలకూ రక్తకణాలు, కాలేయం పరీక్షించుకోవాలి. మొదటిసారి అప్పు చేసి హైదరాబాద్ వెళ్లినవాళ్లు రెండోసారికి ఆగిపోతారు. మందు పాత చీటీ మీదే కొంటారు, లేదా మానేస్తారు.

కీళ్లవాతంలో మొదటి మూడు నుంచి ఆరు నెలలు బంగారం లాంటి కాలమని రుమటాలజిస్టులు చెబుతారు. ఆ లోపల సరైన మందు పడితే చాలామందిలో జబ్బు అణిగి ఉంటుంది. మనిషి మామూలుగా పనిచేసుకుంటుంది. ఆ కాలం దాటాక కీలు తిన్న దెబ్బను ఏ మందూ వెనక్కి తిప్పలేదు. వేళ్లు వంకరపోతే పోయినట్టే. పైన చెప్పిన దారిని మళ్లీ లెక్కపెట్టండి. నూనె మర్దనా, సూదులు, ఎక్స్‌రే, కాల్షియం. ఆ ఆర్నెల్లూ దారిలోనే ఖర్చయిపోయాయి.

మన సుబ్బారావు మందు

ఈ జబ్బుకు ప్రపంచమంతటా మొదట ఎంచుకునే మందు మెథోట్రెక్సేట్. దాని పుట్టుకలో ఒక తెలుగువాడి చెయ్యి ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లానికి విరుద్ధంగా పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆ పరిశోధనల్లోంచే వచ్చాయి. పిల్లల రక్తక్యాన్సర్ మీద అమినోప్టెరిన్ ఫలితాలను సిడ్నీ ఫార్బర్ ప్రకటించిన 1948లోనే సుబ్బారావు కన్నుమూశారు. 1951లో అమెరికా వైద్యులు అమినోప్టెరిన్‌ను కీళ్లవాతం రోగులకు ఇచ్చి వాపులు తగ్గడం చూశారు. 1980ల్లో మెథోట్రెక్సేట్ మీద పకడ్బందీ పరీక్షలు జరిగాయి. 1988లో అమెరికా దాన్ని ఈ జబ్బుకు అధికారికంగా ఆమోదించింది. వారానికి ఒక రోజు మెథోట్రెక్సేట్, దాని దుష్ప్రభావాలు తగ్గించడానికి ఫోలిక్ ఆమ్లం. రెండూ ఒకే పరిశోధనశాల నుంచి, ఒకే తెలుగు శాస్త్రవేత్త నాయకత్వం నుంచి వచ్చిన మందులు.

ఖరీదైన మందు కూడా కాదు. మాత్ర వెల కొద్ది రూపాయలే. జాతీయ అత్యవసర మందుల జాబితాలో మెథోట్రెక్సేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజైన్ ఉన్నాయి. వీటికి లొంగని మొండి జబ్బుకు వాడే బయలాజిక్ మందుల్లోనూ మన నేలకు పేరుంది. రిటుక్సిమాబ్‌కు సమానమైన మందును హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే రెడిటక్స్ పేరుతో తెచ్చింది. మందు కనిపెట్టిన చరిత్ర మనది, తయారుచేసే కర్మాగారాలు మనవి. ఆళ్లగడ్డ మండలపు కూలీకి, ఆ మాత్రకు మధ్య అడ్డున్నవి మాత్రం ఆ జబ్బు పేరు చెప్పే మనిషి, రెండు నెలలకోసారి చేసే రక్తపరీక్ష.

ఆ మనిషి ఎందుకు అవసరమో కూడా చెప్పాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడకూడదు, బిడ్డ కావాలనుకునేవాళ్లు ముందే డాక్టరుకు చెప్పి మానాలి. చదువురాని మనిషి చేతికి చీటీ ఇచ్చి పంపేస్తే సరిపోదు. ‘నీ మాత్ర ఆదివారం మాత్రమే తల్లీ’ అని చెప్పి, ఆ రోజును చీటీ మీద పెద్దగా రాసి, మళ్లీసారి వచ్చినప్పుడు అడిగి చూసే మనిషి కావాలి. అలాంటి మనిషి 300 కిలోమీటర్ల దూరంలో ఉంటే లాభం లేదు. దగ్గర్లో ఉండాలి.

ఒక్కసారి పెద్ద ఖర్చు, నెలనెలా చిన్న ఖర్చు

తెలుగునాట పేదల వైద్యానికి ఆరోగ్యశ్రీ చేసిన మేలును కాదనలేం. 2007 ఏప్రిల్ 1న మూడు జిల్లాల్లో మొదలై, ప్రభుత్వాలు మారినా పేర్లు మారినా నిలబడి, ఇవాళ ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్ముకోవడమే అన్న భయాన్ని అది పోగొట్టింది. కానీ దాని నడక ఆసుపత్రిలో చేరడం, చికిత్స జరగడం, ఇంటికి పంపడం అన్న మూడు అడుగుల మీద కుదిరింది. చికిత్సల జాబితాలో రుమటాలజీ శీర్షిక ఉన్నా, చేరికతో ముడిపడిన ప్యాకేజీలే దానికి ప్రాణం. కీళ్లవాతం రోగికి చేరాల్సిన అవసరం రాకూడదు. వస్తే వైద్యం ఆలస్యమైనట్టే లెక్క. ఆమెకు కావాల్సింది నెలనెలా మాత్ర, రెండు నెలలకోసారి పరీక్ష, మూడు నెలలకోసారి డాక్టరు చూపు. ఒక్కసారి లక్ష రూపాయలు కట్టే పథకం మన దగ్గర ఉంది. నెలకు కొన్ని వందల ఖర్చును పదేళ్లు మోసే పథకం లేదు. ఫలితంగా మాత్రతో ఆగాల్సిన జబ్బు ఆపరేషన్ బల్ల దాకా పోతోంది.

ఆపరేషన్ల విషయంలో మంచి పరిణామాలు లేకపోలేదు. 2017 ఆగస్టులో జాతీయ ఔషధ ధరల సంస్థ మోకాలి ఇంప్లాంట్ల ధరలకు కళ్లెం వేసింది. అప్పటిదాకా లక్షన్నర దాటిన కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్‌కు 54,720 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించింది. అయితే అరిగిన ప్రతి మోకాలికీ మార్పిడి అక్కర్లేదు. తొడ కండరాలను బలపరిచే వ్యాయామాలు నేర్పే ఫిజియోథెరపిస్టు ఉంటే చాలామంది ఆ అవసరాన్ని ఏళ్ల తరబడి వాయిదా వేయగలరు. 2010-11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం సామాజిక ఆరోగ్య కేంద్రాల స్థాయిలోనే ఫిజియోథెరపీ ఉండాలని రాసుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికో రోజు వృద్ధుల క్లినిక్ నడపాలని కూడా రాసుకుంది. ఆ కాగితాన్ని ఆచరణలో పెడితే చాలు. కొత్త పథకం కనిపెట్టక్కర్లేదు.

వైకల్యం వచ్చాక ఇచ్చే సాయంలోనూ ఇదే చిక్కు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. ఆర్థరైటిస్ పేరు అందులో లేదు. చలన వైకల్యం కింద, వైకల్య శాతాన్ని నిర్ధారించే సదరం శిబిరంలో 40 శాతం తేలితేనే ధ్రువపత్రం. ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 6,000 రూపాయల దివ్యాంగుల పింఛను దాని మీదే ఆధారపడుతుంది. కీళ్లవాతం రోజుకో తీరుగా ఉండే జబ్బు. పొద్దున లోటా ఎత్తలేని చెయ్యి మధ్యాహ్నం శిబిరానికి చేరేసరికి కొంత వదులవుతుంది. కీలు ఎంత వంగుతుందో కొలిచే పరికరం ఆ మధ్యాహ్నాన్ని కొలుస్తుంది, ఆమె పోగొట్టుకున్న పొద్దుల్ని కొలవదు. ఇలాంటి జబ్బులకు ఒక్క పూట చూపు కాకుండా, డాక్టరు దగ్గరి ఏడాది రికార్డును ఆధారంగా తీసుకోవడం న్యాయం. ఆ రికార్డు ఉండాలన్నా ముందు దగ్గర్లో క్లినిక్ ఉండాలి.

ఉన్నవాటినే కలిపితే

నంద్యాల పదేళ్ల క్రితపు నంద్యాల కాదు. జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల 150 ఎంబీబీఎస్ సీట్లతో మొదలైంది. అంతకు ముందు నుంచే ఒక ప్రైవేటు వైద్య కళాశాల ఉంది. కళాశాలకు తప్పనిసరి విభాగాల్లో జనరల్ మెడిసిన్, ఆర్థోపెడిక్స్ ఉన్నాయి. రుమటాలజీ తప్పనిసరి కాదు. దేశంలోనే రుమటాలజిస్టులు కొద్దిమంది. రేపటికి రేపు నంద్యాలకు ఒకరిని తెమ్మనడం గాలిలో మేడ. కానీ జనరల్ మెడిసిన్ డాక్టర్లలో ఇద్దరికి కొన్ని నెలల తర్ఫీదు ఇప్పించడం సాధ్యమే. వారానికి ఒక రోజు, ఫలానా రోజని ఊరంతటికీ తెలిసేలా, కీళ్ల క్లినిక్ నడపాలి. ఎముకల డాక్టరు, ఫిజియోథెరపిస్టు ఆ రోజు పక్క గదుల్లో ఉండాలి. రోగిని మూడు భవనాలు తిప్పకూడదు.

చిక్కు కేసులకు పెద్ద నిపుణుడి సలహా తెరమీద దొరకాలి. ఆరోగ్య కేంద్రాలను పెద్దాసుపత్రి డాక్టర్లతో కలిపే ఈ-సంజీవని సేవ 2019 నవంబరులో దేశంలో తొలిసారి మొదలైంది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఆ తెర వెనుక వారానికి రెండు గంటలు రుమటాలజిస్టు కూర్చుంటే, ఆళ్లగడ్డ రోగి హైదరాబాద్ ప్రయాణాల్లో చాలా వాటికి పని ఉండదు. వాపు చూడటానికి చెయ్యి తాకాల్సిందే. ఆ చెయ్యి ఆళ్లగడ్డ డాక్టరుది కావచ్చు. ఏం వెతకాలో చెప్పే గొంతు దూరం నుంచి రావచ్చు.

ఆళ్లగడ్డ ప్రభుత్వ ఆసుపత్రిలోనూ వారానికి ఒక రోజు కావాలి. నంద్యాలలో మొదలుపెట్టిన మందు అక్కడ నెలనెలా అందాలి. రక్తం అక్కడే తీయాలి, నివేదిక ఫోనుకు రావాలి. వారానికోసారి సంతకు వెళ్లడం అలవాటైన పల్లెలు ఇవి. రోజు తెలిస్తే జనం వస్తారు. ఏ రోజు ఎవరుంటారో తెలియనప్పుడే ఆర్ఎంపీ గడప తొక్కుతారు.

గ్రామస్థాయిలో కావాల్సింది మూడు ప్రశ్నలు. కీళ్లలో వాపు ఆరు వారాలుగా ఉందా? పొద్దున లేచాక అరగంటకు పైగా కీళ్లు బిగుసుకుంటున్నాయా? వేళ్ల కణుపులు, మణికట్లు రెండు వైపులా నొప్పిగా ఉన్నాయా? బీపీ, చక్కెర చూడటానికి ఇల్లిల్లూ తిరిగే ఏఎన్ఎం, ఆశా కార్యకర్త ఈ మూడూ అడిగితే, ‘అవును’ అన్నవాళ్లను నేరుగా ఆళ్లగడ్డ క్లినిక్ రోజుకు పంపవచ్చు. భిగ్వాన్‌లో జరిగింది ఇదే. ఊరి కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి ప్రశ్నపత్రంతో ఇంటింటికీ పంపారు, నొప్పి ఉందన్నవాళ్లను డాక్టర్లు చూశారు. పెద్ద యంత్రాలు అక్కర్లేదని ఆ ఊరు దాదాపు మూడు దశాబ్దాల క్రితమే రుజువు చేసింది. నంద్యాల వైద్య విద్యార్థులతో ఆళ్లగడ్డ మండలంలో అలాంటి సర్వే ఒకటి చేయిస్తే, జిల్లాకు తొలిసారి సొంత అంకె దొరుకుతుంది. రేపటి డాక్టర్లకు కీళ్లవాతాన్ని పుస్తకంలో కాక మనిషి చేతిలో చూసే అవకాశం దొరుకుతుంది.

ఆర్ఎంపీలను కూడా ఈ గొలుసులోకి తేవాలి. స్టెరాయిడ్ సూది మానమని చెప్పడంతో ఆగకుండా, ఆ మూడు ప్రశ్నలు వాళ్లకూ నేర్పి, ఎవరిని ఏ రోజు ఎక్కడికి పంపాలో చెప్పాలి. ‘పంపిస్తే పోతుందా?’ అన్న సందేహం వాళ్లకు ఉంటుంది. పంపిన మనిషికి అక్కడ డాక్టరు, మందు కచ్చితంగా దొరికితే ఆ సందేహం రెండు నెలల్లో తీరుతుంది. ఇక వైద్య సేవ పథకంలో కీళ్లవాతానికి ఆసుపత్రి చేరికతో పనిలేని వార్షిక ప్యాకేజీ ఒకటి చేర్చాలి. ఏడాది మందులు, పరీక్షలు అందులో ఉండాలి. మాత్రలకు లొంగనివారికి బయలాజిక్ మందులు ఉండాలి. మూత్రపిండాల రోగుల కోసం ఉద్దానానికి నడిచి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచిన రాష్ట్రం మనది. రోగి ఉన్న చోటికి వైద్యం వెళ్లడం మనకు తెలియని విద్య కాదు.

భౌగోళిక గుర్తింపు పొందిన శిల్పకళ ఆళ్లగడ్డది. అక్కడి ఉలి దెబ్బలో రాతికి వేళ్లు మొలుస్తాయి, ముద్రలు పలుకుతాయి. రాతి చేతిలో ఒక్క వేలు వంకర వచ్చినా మళ్లీ చెక్కుకోవడానికి మరో రాయి ఉంటుంది. ఆ శిల్పి చేతికి గానీ, పక్క పల్లెలో నాటు వేసే మనిషి చేతికి గానీ మరో చెయ్యి లేదు. ఆ చేతుల్ని నిలబెట్టే మాత్ర వారానికి ఒక్కసారి వేసుకునేది. దాన్ని అందించడానికి ప్రభుత్వం కేటాయించాల్సిందీ అంతే. ఆళ్లగడ్డలో, నంద్యాలలో వారానికి ఒక్క రోజు. ఆ రోజు ఏదో తేల్చి, ఆసుపత్రి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించడంతో పని మొదలుపెట్టవచ్చు.